రోడ్డు దాటుతుండగా

లాయరమ్మ ఎఫ్‌ఐఆర్ కాపీ పట్టుకుని ఒక వాక్యం పైకి చదివింది. "నా చెల్లెలు నిన్న ఉదయం సుమారు తొమ్మిది గంటలకు సీతాఫల్‌మండి మెయిన్ రోడ్డు దాటుతుండగా, వాటర్ క్యాన్లు తీసుకెళ్తున్న ట్రాలీ ఆటో అతివేగంగా వచ్చి ఢీకొట్టినది." అక్కడ ఆగి, కళ్లజోడు పైనుంచి మా చెల్లెలి వైపు చూసింది.

"దాటుతున్నవా అమ్మా?" అని అడిగింది.

మేం బోయిగూడలో ఆమె ఆఫీసు ఉన్న బిల్డింగ్ కింద, పార్కింగ్‌లో కూర్చుని ఉన్నాం. ఆఫీసు పైన రెండో అంతస్తులో. మా చెల్లెలు మెట్లు ఎక్కలేదని తెలిసి లాయరమ్మే ఫైలు పట్టుకుని కిందికి వచ్చింది. వాచ్‌మన్ తెచ్చిన మూడు ప్లాస్టిక్ కుర్చీలు స్కూటర్ల మధ్య వేసుకున్నాం. చెల్లెలు కుడికాలు చాపి, వాకర్‌ను పక్కన పెట్టుకుని కూర్చుంది.

"నేను రోడ్డు మీదనే లేను మేడమ్," అంది చెల్లెలు. "కరివేపాకు బండి కాడ నిలబడ్డ. ఆ బండి మురికినీళ్ల మోరీ మీద వేసిన బండల మీద ఉంటది. నేను సుత బండ మీదనే ఉన్న. ఆటోనే మీదికొచ్చింది."

తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, నేను రోడ్డు దాటుతున్ననని నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. కంప్లైంట్ కింద సంతకం నాది. వాక్యం కూడా నాదే. లాయరమ్మ చదువుతున్నంతసేపూ అది నాకు బాగా తెలిసిన వాక్యంలా వినిపించింది గానీ, అందులో తప్పు ఉందని అనిపించలేదు. నాలుగు నెలలుగా ఆ కాగితం నా సంచిలోనే ఉంది. ఎన్నోసార్లు చదివాను. ఆమె ఎక్కడ నిలబడి ఉందో మాత్రం ఒక్కసారీ ఆమెను అడగలేదు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రికలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం సిటీ డెస్కులో. ప్రమాదాల వార్తలు సాయంత్రం ఫోన్లలో వచ్చేవి. పేరు, వయసు, చోటు, బండి నంబరు, ఏ ఆసుపత్రి. స్టేషన్ నుంచి చెప్పేవాళ్లు అంతకుమించి చెప్పేవాళ్లు కాదు. ఎలా జరిగిందని అడిగితే "యాక్సిడెంట్ సార్, ఇంకేముంటది" అనేవాళ్లు. కానీ వార్తలో "ఎలా" లేకపోతే డెస్కు ఇన్‌చార్జ్ కాపీ వెనక్కి పంపేవాడు. అందుకని మాకు కొన్ని మాటలు సిద్ధంగా ఉండేవి. బైకు మీద పోయేవాడైతే "అదుపు తప్పి." లారీ అయితే "అతివేగంగా." నడిచి పోయే మనిషైతే "రోడ్డు దాటుతుండగా." నడిచేవాళ్లు రోడ్డు మీద ఇంకేం చేస్తారు, దాటుతుంటారు. ఈ మాటలు నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. నాకంటే ముందున్నవాళ్లు రాశారు, నేను రాశాను, నా తర్వాత వచ్చినవాళ్లు రాశారు.

రిటైరై చాలాకాలమైంది. బన్సీలాల్‌పేట్‌లో ఉంటాను. చెల్లెలు సీతాఫల్‌మండిలో ఒక గది, వంటిల్లు ఉన్న వాటాలో ఉంటుంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లు. అప్పటినుంచీ బ్లౌజులు కుట్టి బతుకుతోంది. చేయి చాపడం ఆమెకు చేతకాదు. పండక్కి నేను చీర పెట్టినా, మా ఆవిడకు రెండు బ్లౌజులు కుట్టి పంపేదాకా ఊరుకోదు.

ప్రమాదం జరిగిన రోజు ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది. నేను సర్కారు దవాఖానకు చేరేసరికి చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. స్పృహ ఉంది గానీ మత్తుమందు ఇచ్చారు, మాట్లాడే స్థితిలో లేదు. ఆటో డ్రైవర్ అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. అతనే ఆమెను ఆసుపత్రికి తెచ్చాడట. నన్ను చూసి చేతులు జోడించాడు. బ్రేకు పడలేదని ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. అతని మాట వినే ఓపిక నాకు అప్పుడు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు ఆసుపత్రిలో నిజం చెప్పగలిగిన మనిషి అతనొక్కడే.

దవాఖాన ఔట్‌పోస్టులోని కానిస్టేబుల్ రిజిస్టర్‌లో పేరు రాసుకుని, కంప్లైంట్ రేపు స్టేషన్‌లో ఇవ్వమన్నాడు. పక్కింటావిడ నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "అన్నా, నువ్వు పేపరోనివి కదా. పేపర్ల వేయించు. పేపర్ల వస్తేనే పోలీసులు ఉరుకుతరు, లేకుంటే ఆటోవాణ్ని జెర బెదిరించి ఇడిచిపెడ్తరు."

ఆమె చెప్పింది నిజమే. మా వైపు అందరూ నమ్మే మాట అది. నేను పనిచేసిన రోజుల్లో ఎంతమంది ఆ నమ్మకంతో ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లో. నాకు కూడా ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి కావాలి. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని, సెల్‌ఫోన్‌లో నాలుగు వాక్యాలు కొట్టి పాత ఆఫీసుకు పంపాను. డెస్కులో ఉన్నతను ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. వెంటనే ఫోన్ చేసి, చెల్లెలి గురించి బాధపడి, "మీ కాపీలో కామా కూడా ముట్టుకోను సార్" అన్నాడు. అలాగే వేశాడు.

మర్నాడు పొద్దున పేపర్ కొని, ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాను. కాగితాల పని చూసే రైటర్ నా ఉద్యోగం సంగతి తెలిసి కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఎట్లయింది సార్ అని అడిగితే పేపర్ తీసి అతని ముందు పెట్టాను. చదివి సంతోషించాడు.

"మంచిగ రాసిన్రు సార్, మాకు పని తక్కువ చేసిన్రు. గిట్ల అందరు రాసుకొని వస్తే ఎంత బాగుండు," అన్నాడు.

పేపర్ పక్కన పెట్టుకుని, దాన్నే చూస్తూ కంప్లైంట్ రాశాడు. నాకిచ్చి చదువుకోమన్నాడు. చదివాను. నా వాక్యమే కదా, సాఫీగా ఉంది. సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు చోటు చూడటానికి వెళ్లారు. అప్పటికి ఆటో లేదు, రోడ్డు మీద గుర్తులు లేవు. కంప్లైంట్‌లో ఉన్నదాన్ని బట్టి వాళ్లు నక్షా గీశారు. అందులో ప్రమాదం జరిగిన చోటుకు రోడ్డు నడిమధ్య ఇంటూ గుర్తు ఉంది.

తర్వాతి వారాలు ఆసుపత్రిలో, ఆపైన ఆమె ఇంట్లో గడిచాయి. కాలులో రాడ్డు వేశారు. చెల్లెలు వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రమాదం ఎలా జరిగిందో చెప్పేది. నేను ఆ సమయానికి మందులకో, టిఫిన్‌కో బయటికి వెళ్లేవాణ్ని. ఇంట్లో ఉన్నా చెవిపెట్టలేదు. రాసి పంపేసిన వార్త గురించి మళ్లీ అడగడం నాకు ఏనాడూ అలవాటు లేదు.

కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. పెళ్లిళ్ల కాలం కావడంతో బ్లౌజు గుడ్డలు ఇచ్చిన ఆడవాళ్లు వచ్చి పరామర్శించి, వెళ్తూ వెళ్తూ తమ గుడ్డ తమకిమ్మని మొహమాటంగా అడిగేవాళ్లు. చెల్లెలు తానే పేర్లు చూసి కవర్లు తీసిచ్చేది. తొక్కకుండా కరెంటు మోటర్ పెట్టించుకోమని ఒకావిడ సలహా ఇచ్చింది. పెట్టించాం. దాని పెడల్ కూడా కుడికాలితో నొక్కాల్సిందే. ఎడమకాలితో నొక్కితే మిషన్ ఉరుకుతుంది, సూది వేలికి దగ్గరగా వస్తుంది. రెండు రోజులు చూసి మానేసింది. ఆ మోకాలు మునుపటిలా మడవదని, తొక్కుడు పని ఇక వద్దని డాక్టర్ చెప్పాడు. నష్టపరిహారం కేసు వేయాలన్న మాట అప్పుడు వచ్చింది. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క పని పోయింది. ఇక మిగిలిన ఏళ్లు ఆ పరిహారం మీదే గడవాలి.

లాయర్ల గురించి నాకు తెలుసనుకున్నాను. దవాఖాన వార్డులోనే ఒకతను విజిటింగ్ కార్డు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. "అంకుల్, అంత మేమే చూసుకుంటం, అమ్మతోని రెండు సంతకాలు పెట్టిస్తే చాలు" అన్నాడు. నేను పేపర్లో పనిచేశానని, ఇలాంటివాళ్ల గురించి వార్తలు రాశానని చెప్పి గట్టిగా పంపించేశాను. ఆ మాట చెప్పినందుకు నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది. తర్వాత, కోర్టు వార్తల రోజుల్లో పరిచయమైన ఒక పెద్ద లాయర్‌కు ఫోన్ చేశాను. కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపమని, మిగతాది జూనియర్ చూస్తాడని చెప్పాడు. పంపాను. ఎఫ్‌ఐఆర్ బాగుంది, కేసు బలంగా ఉందని జూనియర్ మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత వాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. కేసు వేసేందుకు గడువు దగ్గరపడుతోంది.

చెల్లెలి దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక టీచరమ్మ ఈ లాయరమ్మ నంబరు ఇచ్చింది. ఫోన్ చేసి కాగితాలు ఎక్కడికి పంపమంటారు మేడమ్ అని అడిగాను. "కాగితాలు తర్వాత సార్, ముందు అమ్మను తీసుకురాండి, నేను ఆమెతోని మాట్లాడాలె," అంది. ఆమె నడవలేదని చెబితే, "నాకు మెట్లు దిగుడొస్తది" అని నవ్వింది.

అలా మేం పార్కింగ్‌లో కూర్చున్నాం. చెల్లెలు అడిగిన ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. నేను చూడలేదు, ఎవరినీ అడగలేదు, పేపర్‌కు అలాగే రాశాను, రైటర్ దాన్నే ఎత్తి రాశాడు.

చెల్లెలు కోపగించుకోలేదు. వాకర్‌ను దగ్గరికి లాక్కుంటూ, "కొలత తీసుకోకుండనే బ్లౌజు కుట్టినవు కదన్నా," అంది.

లాయరమ్మ ఫైలు మూసింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఏం చేస్తుందో వివరించింది. రోడ్డు చూసుకోకుండా దాటడం ఆమె తప్పేనంటారు. తప్పు సగం ఆమెదంటే వచ్చేది సగానికి కోస్తారు. అంతా ఆమెదే అని కూడా వాదిస్తారు. పేపర్ కటింగ్‌ను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు కదా అని అడిగాను. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే అడిగాను.

"కటింగ్ సాక్ష్యం కాదు సార్," అంది. "కాని వార్త రాసింది మీరు. కంప్లైంట్ ఇచ్చింది మీరు. అమ్మకు సొంత అన్న మీరు. ఇంక వాళ్లకు కటింగ్ ఎందుకు, మనిషే దొరికిండు కదా."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. రాయకుండా వదిలేయొచ్చు గానీ రాస్తున్నాను. కంప్లైంట్ రైటర్ తన ఇష్టమొచ్చినట్టు రాసుకున్నాడని, నేను కంగారులో చదవకుండా సంతకం పెట్టానని చెప్పొచ్చా అని అడిగాను.

లాయరమ్మ మూసిన ఫైలును నా ముందుకు చాపింది.

"అట్ల చెప్పాలంటే వేరే లాయర్‌ను చూసుకోండి సార్. మీ పేపర్ ఆ రైటర్ టేబుల్ మీదనే ఉండె, మరిచిపోయిన్రా? నేను కేసు పట్టుకోవాలంటే మీరు బోన్ల నిలబడి ఒక్కటే మాట చెప్పాలె. నేను చూడలే, ఎవరు చెప్పలే, అలవాటుగ రాసిన. అంతే."

చెల్లెలు వకాలత్ మీద అక్కడే సంతకం పెట్టింది. ఫైలును ఒళ్లో పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని. నేను పక్కన నిలబడి చూశాను. నా పేరు సాక్షుల జాబితాలో రెండోది.

ఆ వారమంతా, ఎప్పుడో ఆఫీసుకు వచ్చిన ఒక మనిషి మాటిమాటికీ గుర్తొచ్చాడు. చేతిలో మా పేపర్ ముక్క ఉంది. వాళ్ల నాన్న చనిపోయిన వార్త. "మా నాయిన రోడ్డు దాటలే సార్, చాయ్ హోటల్ ముంగట బల్ల మీద కూసున్నడు, లారీ వచ్చి బల్ల మీద పడ్డది. జెర మళ్ల రాయండి" అని అడిగాడు. పోలీసులు చెప్పిందే రాస్తామని, ప్రమాదాల వార్తలకు సవరణలు ఉండవని చెప్పాను. అది అబద్ధమని అప్పుడు నాకు తోచలేదు. పోలీసులు చెప్పింది పేరు, వయసు, బండి నంబరు. మిగతాది నేను చెప్పింది. ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. చొక్కా జేబులో ఆ ముక్కను మళ్లీ జాగ్రత్తగా మడిచి పెట్టుకోవడం ఒక్కటే గుర్తుంది. అలాంటి వార్తలు నేను ఎన్ని రాశానో లెక్క లేదు. ఎంతమందిని నేను బల్లల మీది నుంచి, అరుగుల మీది నుంచి లేపి రోడ్డు మధ్యలోకి నడిపించానో నాకు తెలియదు.

లాయరమ్మ చెప్పినట్టు సీతాఫల్‌మండి వెళ్లి చోటు చూశాను. అన్ని నెలల్లో అదే మొదటిసారి. మోరీ మీద బండలు రోడ్డుకు జానెడు ఎత్తున ఉన్నాయి. ఒక బండ అంచు విరిగి ఉంది. ఆటో ఎక్కి విరిగిందో, ముందే విరిగి ఉందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఎదురుగా స్టేషనరీ షాపుకు కెమెరా ఉంది. షాపతను మర్యాదగానే మాట్లాడాడు. "రికార్డింగు పదిహేను దినాలే ఉంటది సార్, దాని మీదనే మళ్ల ఎక్కుతది. అప్పుడే వస్తే ఇస్తుంటి కదా," అన్నాడు. కరివేపాకు బండి చోట ఇప్పుడు ఒకావిడ జామకాయలు అమ్ముతోంది. పాత బండివాడి సంగతి ఆమెకు తెలియదు. చుట్టుపక్కల అడిగాను. కొందరు ఊరికి పోయాడన్నారు, కొందరు వేరే మార్కెట్‌కు మారాడన్నారు. పేరు అడిగితే, కరివేపాకోడు అన్నారు. ప్రమాదాన్ని దగ్గరగా చూసినవాడు అతనే. మూడు వారాలు పొద్దున్నే మార్కెట్లు తిరిగాను. కనిపించలేదు.

ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు వేశాక డ్రైవర్ తరఫున, కంపెనీ తరఫున జవాబు వచ్చింది. ఆమె ఫోన్ చూసుకుంటూ రోడ్డుకు అడ్డం వచ్చిందని అందులో ఉంది. ఫోన్ సంగతి నేనూ రాయలేదు. దాన్ని వాళ్లు కలిపారు. నేను తలుపు తెరిచాను, వాళ్లు లోపలికి వచ్చారు. జవాబుకు నా వార్త జిరాక్స్ కాపీ జతచేసి ఉంది.

చెల్లెలు మొదట సాక్ష్యం చెప్పింది. మూడు రకాలుగా అడిగితే మూడుసార్లూ బండ మీదనే ఉన్నానని చెప్పింది. నా వంతు ఆ తర్వాతి వాయిదాలో వచ్చింది. లాయరమ్మ చెప్పమన్న మాట చెప్పాను. కంపెనీ లాయర్ పెద్దమనిషి, గొంతు పెంచలేదు. నా సర్వీసు ఎన్నేళ్లో అడిగాడు. చెప్పాను.

"అంటే అన్నేళ్లూ చూడకుండా, అడగకుండానే వార్తలు రాశారా?"

"అన్నీ కాదు," అన్నాను.

"ఏవి చూసి రాశారో, ఏవి అలవాటుగా రాశారో ఇప్పుడు చెప్పగలరా?"

చెప్పలేనన్నాను. టైపిస్టు ఆ మాట కొట్టింది.

"చెల్లెలికి పరిహారం రావాలని ఇప్పుడు మాట మారుస్తున్నారని నేనంటున్నా."

కాదన్నాను. అదీ టైపయింది. రెండు మాటలూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బోను దిగి బెంచీ దగ్గరికి వచ్చాను. చెల్లెలు కొంచెం జరిగి చోటిచ్చింది.

బయటికి వచ్చాక లాయరమ్మను ఒక్కటే అడిగాను, నా మాట నమ్ముతారా అని. "నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు సార్," అంది. "మొదలు రాసిన కాగితానికే బరువెక్కువ అంటరు. అప్పుడు మీకు అబద్ధం చెప్పే అవసరం లేదు కదా, ఇప్పుడుంది. వాళ్లు అదే పట్టుకుంటరు."

చెల్లెలు ఇప్పుడు కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే పని, హుక్కులు వేసే పని చేస్తోంది. మిషన్ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నేను వారానికి రెండుసార్లు వెళ్తాను. కేసు గురించి తానుగా ఎత్తదు, నేను చెబితే వింటుంది.

ట్రిబ్యునల్‌లో రెండు వైపుల సాక్ష్యాలూ ముగిశాయి. వాదనలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. నా సంతకం ఉన్న కంప్లైంట్, చెల్లెలి వాంగ్మూలం ఒకే ఫైలులో ఉన్నాయి. ఏది నమ్మాలో జడ్జి ఇంకా చెప్పలేదు.